చాంబా దరువు

డోలు నేర్చుకుంటున్న లెనాక్స్‌కి అన్ని దరువులూ ఇష్టమే, ఒక్క చాంబా తప్ప.

అతనిది కారియకూ అనే చిన్న కరీబియన్ దీవి. అక్కడి జనం పూర్వీకుల్ని ఒకప్పుడు ఆఫ్రికా నుంచి ఓడల్లో బానిసలుగా పట్టుకొచ్చారు. పేర్లు పోయాయి, భాషలు పోయాయి. ఒక్కో తెగకి దాని దరువు మాత్రం మిగిలింది. విందుల్లో డోలు మోగితే ఎవరి దరువుకి వాళ్లే లేచి ఆడతారు. ఇగ్బో దరువుకి నలభై మంది లేస్తారు. చాంబాకి ఒక్క యుడోరా అవ్వ లేస్తుంది. ఆ తెగలో ఇక ఆమె ఒక్కతే.

"ఒక్క ముసలావిడ కోసం అంత నెమ్మది దరువెందుకు గురువుగారూ? జనం ఆవలిస్తున్నారు."

గురువు బెడో డోలుకి మేకతోలు బిగిస్తూ ఉండిపోయాడు.

ఆ ఆదివారం ఎవరిదో సమాధి రాయి నిలబెట్టిన విందు. పెద్ద డోలు తొలిసారి లెనాక్స్ చేతికొచ్చింది. చాంబా వంతు రాగానే అతను వేగం పెంచాడు. పట్నంలో విన్న విరుపులు కలిపాడు. కుర్రకారు ఈలలు వేసింది.

యుడోరా అవ్వ లేచింది. చేతికర్ర పక్కన పెట్టి, పావడా అంచు పట్టుకుని, జనం మధ్య వదిలిన ఖాళీలోకి వచ్చింది. పాదం ఎత్తింది. ఎక్కడ వెయ్యాలో తెలియక అలాగే నిలబడింది.

"ఇది ఎవరి దరువు నాయనా?" అని దగ్గరున్నవాణ్ణి అడిగింది.

అతను చెప్పింది హోరులో వినబడలేదు. ఆమె వెనక్కి వెళ్లి కూర్చుంది.

లెనాక్స్ చూశాడు. చేతులు మాత్రం ఆపలేదు.

వెళ్లి క్షమించమని అడుగుదామనుకుంటూనే వారం గడిపాడు. ఎనిమిదో రోజున ఆమె పోయింది.

ఆమె కర్మ నాటి సాయంత్రం ఆ ఇంటి ముందు జనం చేరారు. బెడో పెద్ద డోలు మోసుకొచ్చి లెనాక్స్ ముందు పెట్టాడు.

"చాంబా," అన్నాడు.

లెనాక్స్ గురువు నేర్పినట్టే వాయించాడు. నెమ్మదిగా, ఏమీ కలపకుండా. ఎవరూ లేవలేదు. లేవాల్సినవాళ్లు ఎవరూ మిగల్లేదు. అందరూ ఆ ఖాళీ నేలనే చూస్తున్నారు. చాలాసేపు అలాగే వాయించాడు.

"ఇంకా ఎంతసేపు గురువుగారూ?"

బెడో నేల మీంచి చూపు తిప్పలేదు.

"ఆవిడ అలిసేదాకా."