పరగడుపుతో పుచ్చుకోవలసిన మందు

వెనకటికి, ఆకలి వేస్తేనే విస్తరి ముందు కూర్చునే రోజుల్లో, కొండల నడుమ ఒక రాజ్యం ఉండేది. జనం పొలం నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, అన్నం వైపు ఆశగా చూసేవారు. ఆ ఆశే సగం రుచి. ఆ సుఖం ఎరగనివాడు అక్కడ ఒక్కడే, చండభూపతి మహారాజు. ఆయన నోరు ఖాళీగా ఉన్న పూట లేదు. తనకు తెలియని మాట లోకంలో లేదని కూడా ఆయన నమ్మకం.

ఆయనకు ఎప్పుడూ పులితేపులు, గుండెల్లో మంట.

ముసలి ఆస్థాన వైద్యుడు గుండయభట్టు ఒక చూర్ణం నూరి ఇచ్చాడు. "పరగడుపుతో పుచ్చుకోవాలి, ప్రభూ," అన్నాడు.

కొన్నాళ్లకు రాజు సభలో ఉరిమాడు. "ఈ మందును స్వయంగా పరీక్షించాను. మంట ఇంకా పెరిగింది. భట్టు రేపు పొద్దు గుంకేలోగా పొలిమేర దాటాలి."

ముసలాయన తన చేత్తో పెంచిన మూలికల తోట వదిలి ఆ వయసులో ఎక్కడికి పోతాడు?

విదూషకుడు బయ్యన లేచాడు. "పరగడుపుతోనే పుచ్చుకున్నారా, ప్రభూ?"

"రోజూ. మా వంటవాడు పరగడుపు బాగా చేస్తాడు. నెయ్యి కాస్త ఎక్కువ వేస్తాడంతే."

సభలో ఎవరూ నవ్వలేదు. వంటవాడు తల వంచుకున్నాడు. రాజుగారు 'పరగడుపు పట్టుకురా' అంటే, అది ఖాళీ కడుపని చెప్పే ధైర్యం లేక, పాపం నేతిబూరెలు పెడుతున్నాడు.

బయ్యనకు సంగతి అర్థమైంది. "అది అసలుది కాదు, ప్రభూ. అసలుది రేపు కొండమీద దొరుకుతుంది."

"తెప్పించు."

"ఒకరికోసం ఇంకొకరు తెచ్చేది కాదు. తమరే నడవాలి. దారిలో ఏం తిన్నా మాయమైపోతుంది."

మర్నాడు నిద్ర లేస్తూనే రాజు, బయ్యన, భట్టు ముగ్గురూ బయలుదేరారు.

"ఏదయ్యా?" అన్నాడు రాజు, సగం కొండ ఎక్కి.

"వస్తుంది, ప్రభూ."

మిట్టమధ్యాహ్నం రాజుగారి కడుపు గుర్రుమంది.

"వచ్చింది, విన్నారా?" అన్నాడు బయ్యన.

భట్టు చూర్ణం నీళ్లలో కలిపి ఇచ్చాడు. కాసేపటికి మంట చల్లారింది. అక్కడ గొర్రెలు కాస్తున్న అవ్వ మజ్జిగ కలిపిన చద్దన్నం పెడితే, రాజు వేళ్లు నాకి తిన్నాడు. ఒక్క తేపు రాలేదు.

"అవునుగానీ బయ్యనా, ఆ పరగడుపు నాకు కనబడనే లేదే?"

"ఇందాకటిదాకా మోసింది తమరే, ప్రభూ. అవ్వ అన్నంతో పోగొట్టుకున్నారు."

రాజు ముఖం ఎర్రబడింది.

"అయితే నేను ఇన్నాళ్లూ తిన్నవి?"

"బూరెలు, ప్రభూ."

రాజు కొండ మారుమోగేలా నవ్వాడు. తన శాలువా తీసి భట్టుకు కప్పాడు. చేతి కడియం బయ్యనకు తొడిగాడు. "వంటవాడికీ ఏదైనా ఇవ్వాలి. బూరెలు మాత్రం బాగున్నాయి," అన్నాడు.

ఆ తర్వాత రాజుగారు తోటలో పచార్లు చేస్తూ, చుట్టం కోసం చూసినట్టు ఆకలి కోసం ఎదురుచూసేవారట. అది వచ్చాకే విస్తరి వేయించేవారట.

అలా ఎదురుచూడడం ఇప్పుడు మనకు చేతకాదు.