రెండోసారి వచ్చిన కాగితం

పదకొండు లంకలు కలిసి ఒక చిన్న దేశమైన చోట, మత్స్యగిరి అనే, చేపలు పట్టే పల్లెకారుల బిడ్డ అధ్యక్షుడయ్యాడు. చిన్నతనంలో అతను నిరుపమానందస్వామి మఠంలో చదువుకున్నాడు. ఒకరోజు పొద్దున్నే, వెంట బంట్రోతు కూడా లేకుండా, ఒక్కడే పడవ దిగి గురువు దగ్గరికి వచ్చాడు. చంకలో తోలుసంచి ఉంది.

"చిక్కిపోయావురా," అన్నాడు గురువు, అరుగు మీద పక్కకి జరిగి చోటిస్తూ.

"నిద్రపట్టడం లేదు స్వామీ."

సంగతి చెప్పాడు. చేపలు గుడ్లు పెట్టే రెండు నెలలూ ఏట్లో ఎవరూ వల వెయ్యకూడదని శాసనసభ చట్టం చేసింది. అధ్యక్షుడు సంతకం పెడితేనే అది అమల్లోకి వస్తుంది. ఆ రెండు నెలలూ పల్లెకారులు ఏం తింటారని అడుగుతూ మత్స్యగిరి దాన్ని తిప్పి పంపాడు. సభవాళ్ళు మూడు రోజులు వాదించుకున్నారు. వల కట్టిపెట్టిన ఇళ్ళకు బియ్యం ఇవ్వాలని ఒక వాక్యం చేర్చి, మళ్ళీ ఆమోదించి పంపారు. రెండోసారి వచ్చిందానికి అధ్యక్షుడు సంతకం పెట్టాల్సిందే. ఎన్నాళ్ళలోగా అన్నది మాత్రం రాజ్యాంగంలో ఎవరూ రాయలేదు.

"నలభై రోజులుగా ఈ సంచిలోనే అట్టిపెట్టుకున్నాను. ఇంకో వారం గడిస్తే గుడ్లు పెట్టడానికి చేపలు ఏరెక్కుతాయి. ఈ ఏడాదికి ఇక ఆ చట్టం ఉన్నా లేనట్టే."

"సంతకం ఎందుకు పెట్టవు?"

"బియ్యం ఇస్తే సరిపోతుందా స్వామీ? ఏట్లోకి వెళ్ళని రోజు మా నాన్న జ్వరం వచ్చినవాడిలా ఉండేవాడు. ఆ సభలో సగంమంది తెడ్డు పట్టి ఎరగరు. వాళ్ళకేం తెలుసు?"

గురువు ఏదో అనబోయేంతలో వంటశాలలోంచి వెంగమ్మ వచ్చింది. ముప్పై ఏళ్ళుగా మఠంలో వండిపెడుతున్న మనిషి.

"ఎప్పుడొచ్చావు మత్స్యగిరీ? చద్దన్నం ఉంది, తినిపో," అని, చేతిలోని కాగితం గురువు ముందు పెట్టింది. "మళ్ళీ తెచ్చాను స్వామీ. అందరం కూర్చుని మాట్లాడుకున్నాం. ఈసారి తప్పించుకోలేరు."

గురువుకి ఎనభై ఒకటి. పోయిన నెల ఏటి మెట్ల మీద జారిపడ్డాడు. ఇకమీదట ఆయన ఒంటరిగా స్నానానికి వెళ్ళకూడదని మఠంలోని వాళ్ళంతా తీర్మానించారు. అక్కడ ఏ నియమానికైనా మఠానికి పెద్ద అయిన గురువు సంతకం కావాలి. నచ్చకపోతే ఆయన ఒక్కసారి మాత్రమే తిప్పి పంపవచ్చు. తనకు మౌనం దొరికేది ఆ కాసేపేనని రాసి ఆయన తిప్పి పంపాడు.

ఇప్పుడు కాగితాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చదివాడు. చివర కొత్త వాక్యం ఉంది. 'తోడు వెళ్ళినవారు తిరిగి వచ్చేదాకా నోరు విప్పరాదు.'

"ఇది ఎవరు చేర్చారు?"

"నేనే."

"నువ్వు నోరు విప్పకుండా ఉండగలవా?"

"నేను రాను. నాకు మోకాళ్ళ నొప్పులు."

గురువు నవ్వాడు.

"నాకు ఇప్పటికీ ఇష్టం లేదు వెంగమ్మా."

"తెలుసు స్వామీ. ఇదిగో కలం."

ఆయన సంతకం పెట్టాడు. తుండుగుడ్డ భుజాన వేసుకుని, చెంబు తీసుకుని అరుగు దిగాడు. నాలుగడుగులు వేసి ఆగాడు. వెనక్కి తిరిగి అడిగాడు.

"ఎవరొస్తున్నారు నాతో?"

మత్స్యగిరి సంచితో సహా లేచాడు. గురువు చేతిలోని చెంబు అందుకున్నాడు.

ఏటి మెట్లు పాచిపట్టి ఉన్నాయి. మూడో మెట్టు దగ్గర గురువు చెయ్యి తడుముకుంటూ వచ్చి శిష్యుడి భుజం పట్టుకుంది.

"వీళ్ళు అనవసరంగా భయపడుతున్నారనే ఇప్పటికీ నా నమ్మకం," అన్నాడు గురువు, ఆ చెయ్యి తియ్యకుండానే.

మత్స్యగిరి ఏదో అనబోయి, నియమం గుర్తొచ్చి ఊరుకున్నాడు.

గురువు నీళ్ళలో మెట్టు మీద కుదురుగా కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. ఆ పై మెట్టు మీద అధ్యక్షుడు సంచి తెరిచి, కాగితం మోకాలి మీద పరుచుకుని, సంతకం చేశాడు.