బావి గట్టున పేరురాయి

వెనకటికి గోనెపేటలో ఒక వర్తక సంఘం ఉండేది. ఏటేటా దానధర్మాలు చేసేవారు గాని, ఒకటే షరతు. ఇచ్చినదాని మీద సంఘం పేరు చెక్కిన రాయి నిలబడాలి. సంఘం పెద్ద కోటిలింగానికి ఆ రాళ్లంటే ప్రాణం.

ఓ వేసవిలో వడ్ల దంపుళ్లకు కూలికి పోయే గవరమ్మ ఆయన దగ్గరకొచ్చింది.

"బాట పక్కన మా బావి పూడిపోయింది బాబూ. పూడిక తీయిస్తే వాడంతా నీళ్లు తాగుతాం."

"తీసిపోసిన మట్టి మీద పేరెక్కడ చెక్కించను?" అన్నాడు కోటిలింగం.

గవరమ్మ కాసేపు ఆలోచించింది. "పోనీ, రాయొక్కటే ఇప్పించండి. గట్టు మీద నిలబెట్టుకుంటాం."

పూడిక ఖర్చు తప్పింది, పేరు దక్కింది. ఇంత చవక బేరం తన జన్మలో తగల్లేదనుకున్నాడు కోటిలింగం. 'ఈ బావి వర్తక సంఘం వారి ధర్మం' అని పెద్దపెద్ద అక్షరాలతో చెక్కించి పంపాడు.

వారం తిరక్కుండా పైఊరి బేహారులు సరుకు కొనడానికొచ్చారు. దారిలో దాహమై చేద వేస్తే బురదొచ్చిందట. పక్కనే రాయి చదివారట.

"మీ ధర్మమే ఇలా ఉంటే మీ సరుకెలా ఉంటుందో" అంటూ బస్తాలన్నీ విప్పించి, కింద దాకా చెయ్యి పెట్టి చూడసాగారు.

మర్నాడే బావిలోకి కూలీలు దిగారు. నీళ్లు ఊరాక కోటిలింగం స్వయంగా వెళ్లాడు. సంఘం పేరున్న రాయిని తీసేయమని ఆయన అడగడం అదే మొదలు.

"ఉండనివ్వండి బాబూ," అంది గవరమ్మ చేద పైకి లాగుతూ. "మళ్లీ పూడితే ఎవరినడగాలో దారినపోయేవాళ్లకి తెలియాలి కదా."