తుమ్మగుట్ట మీది నల్లపెచ్చు

తుమ్మగుట్ట పడమటి వాలులో వాన పడేది తక్కువ, గాలి కొట్టేది ఎక్కువ. అలాంటి చోట కూడా ఎర్రమట్టి నిలబడి ఉందంటే అదంతా నల్లపెచ్చు పుణ్యమే. అన్నం గిన్నెకు మాడు పట్టినట్టు నేలంతా పరుచుకుని ఉంటుందది. కంటికి ఆనని సూక్ష్మజీవులు కోట్ల కొద్దీ చేరి, సన్నటి దారాలు అల్లి, ఇసుక రేణువుల్ని ఒకదానికొకటి కుట్టిపెట్టాయి. అడిగినవాళ్లు లేరు, మెచ్చుకున్నవాళ్లూ లేరు. నేనైతే వాటికి దండం పెడతాను.

వాలు అడుగున ఒక చెలమ ఉంది. ఎండాకాలం గుట్టలోని ప్రాణులన్నిటికీ అదే నీరు. అందుకే అక్కడి జంతువులకు ఒక ఆచారం. చెలమకు పోయేటప్పుడు ఎంత దాహమైనా ఒకే బాటలో, ఒకదాని వెనక ఒకటి నడవాలి. పెచ్చును తొక్కకూడదు.

ఆ ఏడు పెచ్చు నడుమ ఏదో గడ్డిదుబ్బు కింద కౌజుపిట్ట గుడ్లు పెట్టింది. నక్కకు ఆ సంగతి తెలుసు గానీ ఏ దుబ్బో తెలీదు. వాలంతా తిరగేస్తే దొరక్కపోతాయా అనుకుని అడవిపంది దగ్గరకు వెళ్లింది.

"పంది మామా, ఈ నేలకు గజ్జి పట్టింది, చూస్తాండావా. దీనివల్లనే నీళ్లు ఇంకడం లేదు. నీ మూతితో ఒక్కసారి దున్నితే గడ్డి మోకాలెత్తు లేస్తాది. దుబ్బుల కింద తుంగగడ్డలు కూడా ఉంటాయి. అన్నీ నీవే."

పందికి తిండి పేరు చెబితే చాలు, ఆలోచన అడ్డం రాదు. "గడ్డలుంటాయంటే ఇంకేం అల్లుడా, ఇప్పుడే మొదలుపెడతా" అంది.

చెలమ దగ్గర నీళ్లు తాగుతున్న కౌజు ఆ మాట విని పరుగెత్తుకొచ్చింది. వెనకే కుందేళ్లూ వచ్చాయి.

"అది గజ్జి కాదు మామా, ప్రాణం. ఇట్ల చూడు" అంటూ కౌజు తన తడిసిన రొమ్ము ఈకల్ని పెచ్చు మీద విదిలించింది. చినుకులు పడ్డ చోటల్లా కాసేపటికే నలుపు పోయి పచ్చబడింది.

పంది వంగి చూసింది. "పచ్చగజ్జి అయితే ఇంకా చెడ్డది గదమ్మా" అంది. నక్క నవ్వు ఆపుకోలేకపోయింది.

"గాలిలోని సత్తువ తీసి గడ్డికి పెట్టేది ఇదే మామా. చినుకు దెబ్బకు మట్టి చెదరకుండా పట్టుకునేదీ ఇదే. దీన్ని పెరికితే మట్టంతా దిగి చెలమ పూడిపోతాది. ఎండాకాలం మనమేం తాగాల?"

"నీ బలం చూసి కుళ్లు మామా, పట్టించుకోవద్దు" అంది నక్క. పంది కాలు దువ్వింది.

గుడ్లు నేడో రేపో చిట్లేలా ఉన్నాయి. అయినా కౌజు భయం దిగమింగి, గొంతు మార్చింది.

"నక్క బావ చెప్పినాడంటే మంచి పనే అయ్యుండాల. ఇంత మేలు మొదట ఆయనకే జరగాల గదా. బావ బొరియ మీది గట్టు దున్ను మామా. మోకాలెత్తు గడ్డి ఆయన వాకిట్లోనే లేవనీ."

ఆ బొరియ చెలమకు అవతల, వాన నీళ్లు పారే వంక వైపు ఉంది. అక్కడి మట్టి ఎంత జారినా చెలమకు రాదని కౌజుకు తెలుసు.

"అవును, ముందు బావకే" అన్నాయి కుందేళ్లు.

వద్దంటే తన మాట తనే నమ్మనట్టు అవుతుంది. నక్క నీళ్లు నమిలింది. "నాకేం తొందర లేదులే మామా..."

"మొహమాటం దేనికి అల్లుడా" అంటూ పంది వెళ్లి గట్టంతా కుళ్లగించింది. గడ్డలు లేవు, అన్నీ గులకరాళ్లే.

మధ్యాహ్నం గాలి లేచింది. దున్నిన చోటి దుమ్మంతా నక్క కళ్లలో, నోట్లో పడింది. సాయంత్రం ఉన్నట్టుండి పెద్ద వాన. వాలంతా పచ్చబడి, తేటనీళ్లు దుబ్బుల మొదళ్లలో ఆగుతూ, ఇంకుతూ, మిగిలినవి చెలమలోకి దిగాయి. ఆ అందం చూసి తీరాలి. నక్క గట్టు మాత్రం బురదై కరిగి, బొరియ నిండా కూరుకుపోయింది.

వాన వెలిశాక పంది తల దించుకుని వచ్చింది. "ఆ గట్టు మళ్లీ ఎప్పటికి మానుతాదమ్మా?"

"ఎవరూ తొక్కకుంటే నీ మనవళ్లు చూస్తారు మామా" అంది కౌజు. పంది వెళ్లి, చెలమ బాటలో కుందేళ్ల వెనక నిలబడింది.

ఒళ్లంతా బురదతో నక్క వచ్చి, వాలులో ఇంకో బొరియ తవ్వుకుంటానని అడిగింది.

"తవ్వాలంటే పెచ్చు పగలగొట్టాల గదా బావా" అంది ముసలి కుందేలు. "మోకాలెత్తు గడ్డి మాకొద్దులే." నక్క బురద దులుపుకుంటూ వంక దాటి వెళ్లిపోయింది.

కంటికి కనిపించనివాళ్ల కష్టం మీద నిలబడి వాళ్లనే మురికి అనేవాడికి, మొదట కూలేది సొంత ఇల్లే.