రవ్వగట్టు మీద వదలని పగ్గం

భక్తులకు ఒక మనవి. రవ్వగట్టు ఎక్కగానే ఎదురుగా కనిపించే రాతి గుర్రం మెడలో ఒక పగ్గం ఉంటుంది. దాని రెండో కొస దేనికీ కట్టి ఉండదు. ఎవరో కట్టడం మరిచారనుకొని దయగల భక్తులు ఏటా దాన్ని పక్కనున్న వేపచెట్టుకు బిగించి పోతున్నారు. దయచేసి కట్టవద్దు. ఆ ముడులు విప్పలేక మా వేళ్ళు అరుగుతున్నాయి.

పూర్వం ఈ గట్టు కింద మద్దిలేటి, సుంకులమ్మ అనే రైతు దంపతులు ఉండేవారు. వారికి పిల్లలు లేరు. రవ్వ అనే ఆడగుర్రం ఉండేది. గట్టు మీది చేనిలో పండిన కొర్రల మూటలను ఇంటికి చేర్చేది అదే. కాలం గడిచి రవ్వ ముసలిదైంది. చూపు మందగించింది, పళ్ళు ఊడాయి, గంజి తాగడమే కష్టమైంది. పడుకుంటే మళ్ళీ లేవలేనని భయమో ఏమో, రాత్రింబవళ్ళు వణుకుతూ నిలబడే ఉండేది.

కట్టుకొయ్యన ఉండగా ప్రాణం పోతే ఆ జీవానికి ముక్తి లేదని ఊరిలో కొందరన్నారు. ముసలి జీవాన్ని గడప దాటిస్తే ఆ ఇంట దీపం నిలవదని మరికొందరన్నారు. ఊరి నోరు మూయగలమా! దిక్కుతోచక దంపతులిద్దరూ గట్టు మీది మల్లన్నకు మొక్కి పడుకున్నారు. స్వామి ఇద్దరికీ కలలో కనిపించాడు.

తెల్లవారగానే మద్దిలేటి, "విడిచిపెట్టమన్నాడే సామి" అన్నాడు.

"అదేంది? నాకు విడవద్దన్నాడు గదా!" అంది సుంకులమ్మ.

"మొగునికో మాట, పెండ్లానికో మాటనా? ఆయప్పకు మతి పోయిందా, మనకు పోయిందా?"

స్వామిని అంత మాట అనవచ్చునా అని భక్తులు నొచ్చుకోవద్దు. ఆ కడుపుకోత అటువంటిది.

మద్దిలేటి కొయ్య నుండి పగ్గం విప్పాడు. విప్పాడే గాని చేయి వదలలేకపోయాడు. సుంకులమ్మ కూడా వచ్చి అదే పగ్గాన్ని పట్టుకుంది. వెనక్కి లాగాలో, ముందుకు పోనివ్వాలో ఇద్దరికీ తెలియలేదు. రవ్వ మాత్రం తడబడుతూ గట్టెక్కి, చేని మొదట మూటలెత్తే చోట ఆగింది. ఎంత నిమిరినా కదలలేదు, పడుకోలేదు. వెనక్కి తిరిగి చూస్తూ నిలబడింది.

"ఏం కావల్ల దీనికి, దేవుడా!" అని మద్దిలేటి బావురుమన్నాడు.

సుంకులమ్మకు అప్పుడు తట్టింది. అది మూట కోసం నిలబడింది. తుంపరకు తలపై కప్పుకున్న ఖాళీ గోనెను ఆమె మడిచి దాని వీపు మీద పెట్టింది. కాసేపు ఉంచి దించింది. ఇంటి దగ్గర మూట దించిన ప్రతిసారీ చేసినట్టే మెడ మీద తట్టి, "పని అయిపోయింది. ఇంక పండుకో తల్లీ" అంది. రవ్వ పెద్దగా నిట్టూర్చి, ముందుకాళ్ళు మడిచి పడుకుంది. మళ్ళీ లేవలేదు. అది ఒరిగిన చోటే ఈ రాతి గుర్రం వెలసింది.

నేటికీ ముసలి ఎద్దును ఏం చేయాలో తెలియని రైతులు, మంచాన పడిన తల్లిని ఆస్పత్రిలో ఉంచాలో ఇంటికి తేవాలో తేల్చుకోలేని బిడ్డలు ఇక్కడికి వస్తారు. ఒకరు పగ్గం పట్టుకుంటారు. మరొకరు ఖాళీ గోనెను రాతి గుర్రం వీపున పెట్టి, దించి, సుంకులమ్మ మాటే చెబుతారు. ఆ రెండు కలల్లో ఏది నిజమని మమ్మల్ని అడుగుతారు. తరతరాలుగా పూజ చేస్తున్న మాకే తెలియదు. సందేహం తీరుతుందని మాట ఇవ్వలేము. ఏడుపు మాత్రం వస్తుంది, ఆ తరువాత గుండె కొంత తేలికపడుతుంది.

ఆనాడు పగ్గం ముందుగా ఎవరి చేతి నుండి జారిందని ఊరివారు ఆ దంపతులను అడిగేవారట. బతికినంత కాలం ఇద్దరూ "నేను కాదు" అనే చెప్పారు.