గురువుగారి పాదాల పరీక్ష

చేసిన పనికి జీతం పెంచమని అడగండి, తప్పులేదు. చేయని పనికి కూడా చేయి చాస్తారే, అందుకు సిగ్గుపడండి. పక్కవాడి వైపు చూడకండి, మీకే చెబుతున్నాను. కుదురుగా కూర్చుని వినండి.

మణిమంతపురాన్ని ఏలే పెద్దిభూపాలుడికి ఒక ఉదయం ఉన్నట్టుండి తొందర పుట్టింది. రాజపాఠశాలలో ప్రధానాచార్య పదవి ఖాళీగా ఉంది. దాన్ని వెంటనే ఎవరికో ఒకరికి ఇచ్చేయాలన్నాడు.

మాట పూర్తికాకముందే విరూపాక్ష శాస్త్రి లేచాడు. ఆయన ఆ పాఠశాల పండితుడే. కానీ పొద్దున రాజుగారికి స్తోత్రం, మధ్యాహ్నం రాజుగారితో విందు, సాయంత్రం రాజుగారి వెంట షికారు. ఇక పాఠం చెప్పే తీరిక ఏది? ఆ పనంతా సహాయకుడు లింగావధాని చేసేవాడు.

"ప్రభూ, ఆ పదవికి నేనే తగినవాణ్ణి. జీతం రెట్టింపు చేయాలి, ఒక పల్లకీ ఇప్పించాలి. ఇంకో మాట. ఆ లింగావధానికి చదువు చెప్పడం చేతకాదు. అతన్ని తీసేసి మా బావమరిదిని పెట్టుకుంటాను" అన్నాడు శాస్త్రి.

సభ చివర నిలబడి ఉన్న లింగావధాని తెల్లబోయాడు. ఆ కొలువు పోతే ఆయన ఇంట్లో పొయ్యి వెలగదు. అయినా తన గొప్ప తాను చెప్పుకోవడం ఆయనకు రాదు.

రాజు విదూషకుడు బయ్యన వైపు తిరిగాడు. ఎంతటివాడినైనా నవ్వుతూనే నిలదీయడం ఆస్థానంలో బయ్యనకు అలవాటు.

"ఏం బయ్యనా, ఇచ్చేద్దామా?"

"ఇద్దాం ప్రభూ, ఒక్క సందేహం తీరితే. శాస్త్రిగారూ, విద్యార్థులు పాఠానికి ముందు మీ కాళ్లకు మొక్కుతారా?"

"మొక్కకేం? అది మా పాఠశాల ఆచారం. నా పాదాలు తాకందే పుస్తకం ముట్టరు."

"రోజూనా?"

"రోజూనయ్యా. దీవించి దీవించి నా చేయి పడిపోతోంది."

"అయితే ముఖం చూడకుండానే మీ పాదాలు గుర్తుపడతారు. రేపు సభలో తెర కట్టిద్దాం. కింద పాదాలు మాత్రమే కనిపిస్తాయి. విద్యార్థులు వచ్చి తమ గురువుగారి పాదాలకు మొక్కుతారు. పదవి ఆ పాదాలవారిది."

రాజుకు ఈ ఆట నచ్చింది. "కాలికున్న గండపెండేరం తీసి రండి శాస్త్రిగారూ" అన్నాడు.

శాస్త్రి ఇరకాటంలో పడ్డాడు. ఆ సాయంత్రం లింగావధాని ఏటికి స్నానానికి వెళ్లిన సమయం చూసి పాఠశాలకు పోయాడు. విద్యార్థులను పోగుచేశాడు.

"రేపు సభలో కుడికాలి బొటనవేలికి పసుపు రాసిన పాదాలు కనిపిస్తాయి. వాటికే మొక్కండి. తప్పారో, ఇక్కడ మీకు అన్నం ఉండదు."

తన పేరు చెప్పలేదు. విద్యార్థులు తన పాదాలు ఎరగకపోతే ఎరగకపోయారు, ముఖం కూడా ఎరగరని ఆయనకు తోచనే లేదు.

మర్నాడు తెర కింద వరసగా పాదాలు నిలిచాయి. వంటవాడివి, గుర్రాల కాపరివి, శాస్త్రివి, చివరన అవధానివి. వాటి మధ్య పసుపు వేలు మెరిసిపోతోంది.

"ఎవరో పెళ్లికూతురు కూడా నిలబడ్డట్టుందే" అన్నాడు సేనాపతి.

విద్యార్థులు ఒకరి వెనక ఒకరు వచ్చి, తిన్నగా పసుపు వేలి దగ్గరకు పోయి మొక్కారు. అవధాని పాదాల వైపు ఎవరూ వెళ్లలేదు.

"తేలిపోయింది. పదవి శాస్త్రిగారిదే" అన్నాడు రాజు.

"ఒక్క మాట అడగనివ్వండి ప్రభూ" అని బయ్యన వాళ్లలో పెద్దవాడైన కేశవుణ్ణి పిలిచాడు. "నాయనా, ఇవి ఎవరి పాదాలు?"

"తెలియదండీ."

"మరి మొక్కారే?"

"నిన్న ఎవరో పెద్దమనిషి వచ్చి, పసుపు వేలికి మొక్కకపోతే అన్నం ఉండదన్నారు. కోట ఆచారం కాబోలు అనుకున్నామండీ."

సభలో కలకలం రేగింది.

"మరి మీ గురువుగారి పాదాలు ఏవి?"

"అవిగో, ఆ చివరివి. మడమల పగుళ్లు చూడండి. మొన్ననే మేం వెన్న రాశాం." విద్యార్థులందరూ అటు పోయి మళ్లీ మొక్కారు.

శాస్త్రి తెర పీకేసి బయటికి వచ్చాడు. "నేనెవరో తెలియదట్రా మీకు?"

కేశవుడు చేతులు కట్టుకున్నాడు.

"అయ్యో, తెలియకేమండీ. నిన్న వచ్చిన పెద్దమనిషి మీరే కదా."

రాజు సింహాసనం మీద పొట్ట పట్టుకుని నవ్వాడు. బయ్యన మాత్రం నవ్వలేదు.

"ప్రభూ, మొన్నటిదాకా శాస్త్రిగారిని ఎరిగిన విద్యార్థి ఒక్కడూ లేడు. ఇవాళ అందరూ ఎరుగుదురు. ఈ అభివృద్ధికి తగినట్టే జీతం చూడండి."

రాజు అలాగే చూశాడు. ప్రధానాచార్య పదవి, పల్లకీ లింగావధానికి దక్కాయి. బయ్యన భుజాల మీద రాజుగారి శాలువా పడింది. శాస్త్రి తీసిపెట్టిన గండపెండేరం రాజుకే అప్పజెప్పి, అవధాని కింద పసిపిల్లలకు అక్షరాలు దిద్దించే పనిలో చేరాడు. ఎవరూ చెప్పకుండా ఒక్క విద్యార్థి అయినా తనంతట తాను వచ్చి కాళ్లకు మొక్కేదాకా జీతం లేదు.

అందుకు ఆయనకు రెండేళ్లు పట్టింది.