పొగలమ్మ తల్లి చల్లని పొయ్యి

పల్నాటి గుట్టల నడుమనున్న పొగలదిన్నెలో నేడు ఒక్క కాపురమూ లేదు. మొండిగోడల మధ్య రేకుల పందిరి, దాని కింద మూడు రాళ్ళ పొయ్యి. విగ్రహమేదని భక్తులు అడుగుతారు. విగ్రహం లేదు నాయనా, ఆ పొయ్యే పొగలమ్మ తల్లి.

పూర్వం ఇక్కడ ముప్పై ఆరు గడపల ఊరు ఉండేది. దొరల ఏలుబడిలో వరుసగా రెండేళ్ళు వాన పడలేదు. పైరు మాడినా శిస్తు తగ్గలేదు. కట్టలేనివారిని ఎండలో వంగోబెట్టి వీపుమీద రాయి ఎత్తేవారు. ఇద్దరు రైతులు అలాగే ప్రాణం విడిచారు. ఇక ఊరంతా కృష్ణ దాటి నైజాం సీమకు పోవాలని నిశ్చయించుకుంది. పిల్లాజెల్లాతో రేవు చేరడానికి మూడు రోజులు పడుతుంది. శిస్తు వసూలుచేసే అమీను గుడారం ఎదుటి గుట్టమీదే ఉంది. ఊళ్ళో పొగలు లేవకపోతే గుర్రాలు వెంటపడతాయి.

అప్పుడు నా అన్నవారు లేని పేరమ్మ అనే ముసలామె, "నా మోకాళ్ళు ఏటిదాకా రావు. మీరు పోండర్రా, పొగల సంగతి నే చూసుకుంటా" అన్నది. "కుదురుకోగానే వచ్చి తీసుకుపోతాం పెద్దమ్మా" అని మా పెద్దలు ఒట్టుపెట్టారు. కుండెడు జొన్నలు ఆమెకిచ్చి తెల్లవారకముందే వాగుదారిన వెళ్ళిపోయారు.

మూడు రోజులు పేరమ్మ కర్ర ఊతతో ఇంటింటికీ తిరిగి ముప్పై ఐదు పొయ్యిలు రాజేసింది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. పలకరించడానికి ఊళ్ళో కుక్క కూడా లేదు. నాలుగోనాడు అమీను మనుషులు వచ్చి, "జనమేరే ముసలిదానా?" అని గద్దించారు. "ఏరు దాటారు. ఇక మీకు దొరకరు" అన్నది. ఆమె వీపుమీదా రాయి పెట్టారు. పొద్దు గుంకేలోగా ఆమె కన్నుమూసిందని పొరుగూరివాళ్ళు ఎన్నో ఏళ్ళ తరువాత మావాళ్ళకు చెప్పారు.

మరి మా పెద్దలో? రాలేదు. దాచడం దేనికి, తప్పు మాదే. ఈ ఏడు, వచ్చే ఏడు అనుకుంటూ పదకొండేళ్ళు గడిపేశారు. చివరికి మావాడే, ఎలమంద అనే మేకల కాపరి, మందను తోలుకుంటూ ఇటు వచ్చాడు. మిగతా ఇళ్ళ పొయ్యిలన్నిటిలోనూ బూడిద ఉంది. పేరమ్మ పొయ్యి మాత్రం అలికి ముగ్గుపెట్టినది పెట్టినట్టే ఉంది. పక్కన కుండలో జొన్నలు పురుగైనా పట్టకుండా ఉన్నాయి. ఉన్న పిడకలన్నీ ఊరి పొయ్యిలకే పెట్టి, అయ్యో, ఆ తల్లి ఒక్క ముద్దయినా వండుకోలేదు.

ఎలమంద ఆ మాట చేరవేసిన నాడే ఊరిపెద్దకు పేరమ్మ కలలో కనిపించి, "అందరి పొయ్యిలూ రాజేశా. నా పొయ్యి రాజేసేవాళ్ళే లేకపోయారు నాయనా" అన్నదట.

అప్పటినుంచి ఆమే మాకు పొగలమ్మ తల్లి. నేటికీ ఏటా వైశాఖ బహుళ తదియనాడు ముప్పై ఐదు ఇళ్ళ జాగాల్లోనూ పొగ పెడతాం. వంట మాత్రం అమ్మ పొయ్యి మీదే. ఇంట్లో ఒంటరిగా వండుకు తినేవారెవరు వచ్చినా ఆ పొయ్యి అంటించే హక్కు వారిదే. మళ్ళీ ఏడాదికల్లా వారికి తోడు దొరుకుతుందని మా నమ్మకం.

ఇక్కడ మంత్రం లేదు, హారతి లేదు. మాలో పెద్దవారు తొలి ముద్ద పొయ్యి ముందు పెట్టి, "ఆలస్యమైంది పెద్దమ్మా, లేచి తిను" అనాలి. ఏడేళ్ళుగా ఆ మాట నేనే అంటున్నాను.